పాత పోస్టు నుంచి కొత్త పోస్టుకి దారి: బ్లాగులో ఇంటర్నల్ లింకులు ఏ పద్ధతిలో వేసుకుంటే మేలు?

వారం రోజులు కూర్చుని రాసిన పోస్టు. ఫొటోలన్నీ సొంతంగా తీసినవే. ప్రచురించి రెండు నెలలైనా గూగుల్లో ఎక్కడా కనిపించలేదు. మన సైటు గూగుల్‌లో ఎలా ఉందో చూపించే గూగుల్ ఉచిత సాధనం సెర్చ్ కన్సోల్ తెరిస్తే ఆ పోస్టు "డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్" అనే జాబితాలో ఉంది. అంటే అలాంటి పేజీ ఒకటుందని గూగుల్‌కి తెలుసు, వచ్చి చూడటం మాత్రం ఇంకా జరగలేదు.

ఇంట్లో పెంచే మొక్కల మీద నేను రాసుకునే బ్లాగులోది ఆ పోస్టు. విషయం వేరుకుళ్లు. ఎందుకిలా అయిందని వెతికితే కారణం కళ్లెదుటే ఉంది. బ్లాగు మొత్తంలో ఆ పోస్టుకి ఉన్న దారి హోమ్ పేజీ ఒక్కటే. పైన పది కొత్త పోస్టులు చేరేసరికి అది రెండో పేజీకి, అక్కణ్నుంచి మూడో పేజీకి జారిపోయింది. నీళ్లు ఎప్పుడు పోయాలి, కుండీ ఎలా మార్చాలి అంటూ అంతకుముందు రాసిన పోస్టులు నాలుగున్నాయి. నాలుగింటిలోనూ వేర్లు కుళ్లడం ప్రస్తావన ఉంది, ఒక్కదానిలోనూ లింకు లేదు. ఆ నాలుగూ తెరిచి, తగిన వాక్యం దగ్గర లింకు పెట్టాను. కొద్ది రోజులకే పోస్టు ఇండెక్స్‌లోకి, అంటే గూగుల్ వెతికి చూపించే పేజీల జాబితాలోకి, వచ్చింది. ఒక్క పోస్టును చూపించి కచ్చితంగా లింకుల వల్లే అని తేల్చలేను. కానీ ఆ రోజు నుంచి ఈ పనిని రేపటికి వాయిదా వెయ్యడం మానేశాను.

బయటి సైట్ల నుంచి లింకు రావాలంటే ఇంకొకరి దయ కావాలి. ఇంటర్నల్ లింకు, అంటే మన బ్లాగులోనే ఒక పోస్టు నుంచి ఇంకోదానికి వేసే లింకు, అలా కాదు, పూర్తిగా మన చేతిలోని పని. చిక్కల్లా దాన్ని చేసే పద్ధతులు నాలుగైదు ఉండటమే. చేత్తో పెట్టాలా, ప్లగిన్‌కి (బ్లాగుకి తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్‌కి) అప్పగించాలా, కింద "సంబంధిత పోస్టులు" పెట్టె ఉంటే చాలదా, ఒక విషయం మీది పోస్టులన్నింటికీ దారి చూపే హబ్ పేజీ విడిగా కట్టుకోవాలా? ఏది ఎవరికి పనికొస్తుందో చూద్దాం.

ముందు జబ్బు ఏదో తేల్చుకోండి

సెర్చ్ కన్సోల్లో రెండు చోట్ల చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. పేజెస్ రిపోర్టులో మీ పోస్టు ఇండెక్స్ కాని జాబితాలో ఉంటే అది చేరుకోవడంలో ఇబ్బంది అయ్యుండొచ్చు, దారులు పెంచి చూడాలి. ఇండెక్స్ అయింది, పెర్ఫార్మెన్స్ రిపోర్టులో సగటు స్థానం పన్నెండు, పదిహేను దగ్గర ఆగిపోయింది అంటే బలం చాలడం లేదని. మీ సైట్లో గట్టిగా నిలబడ్డ పోస్టుల నుంచి దానికి లింకు కావాలి. ఒకే సెర్చ్ మాటకి ఒకసారి ఒక పోస్టు, ఇంకోసారి మరో పోస్టు కనిపిస్తూ రెండూ స్థిరంగా నిలవడం లేదంటే అది పోటీ. దానికి లింకు ఒక్కటే మందు కాదు, కింద చెబుతాను.

"క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్" అని ఉంటే లెక్క మారుతుంది. గూగుల్ వచ్చి చూసింది, ప్రస్తుతానికి వద్దనుకుంది. అక్కడ లింకులు గుమ్మరించే ముందు పోస్టును మళ్లీ చదివి, అందులో చదివేవాడికి నిజంగా దొరికేది ఏముందో చూసుకోవాలి.

లింకు ఎందుకు పనిచేస్తుంది

లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో స్టాన్‌ఫర్డ్‌లో రాసిన పత్రంలో వివరించిన పేజ్‌ర్యాంక్ లెక్క చాలా సూటిగా ఉంటుంది. ఒక పేజీకి ఉన్న విలువ దాని నుంచి బయటికి వెళ్లే లింకులన్నింటికీ సమానంగా పంచబడుతుంది. ఆ పంచేదాన్ని 0.85తో గుణిస్తారు. పేజీ విలువ 1 అనుకుంటే, ఐదు లింకులున్న పేజీ ఒక్కో లింకుకి 0.17 ఇస్తుంది. యాభై లింకులుంటే ఒక్కోదానికి దక్కేది 0.017. ఈనాటి గూగుల్ ఇదే లెక్కను ఇలాగే వాడుతోందని కాదు. కానీ పంచుకునే కొద్దీ తరుగుతుందన్న తర్కం గుర్తుంచుకోదగ్గది.

రెండో సంగతి, లింకు ఎక్కడ ఉందన్నది. గూగుల్ 2004లో దాఖలు చేసి 2010లో పొందిన ఒక పేటెంటు ప్రకారం, చదివేవాడు నొక్కే అవకాశం ఎక్కువున్న లింకుకి ఎక్కువ బరువు ఇవ్వొచ్చు. వ్యాసం మధ్యలో కంటికి ఆనే లింకూ, పేజీ అడుగున ఎవరూ చూడని చోట ఉన్న లింకూ ఒకటి కావు. మూడోది, లింకు వేసిన మాటలు. అవతలి పేజీ దేని గురించో గూగుల్‌కి అవి చెబుతాయి. ఆ 1998 పత్రంలోనే ఈ సంగతి ఉంది.

ఈ మూడింటినీ కొలబద్దగా పెట్టుకుని పద్ధతుల్ని చూస్తే తేడా తెలుస్తుంది.

చేత్తో పెట్టడమా, ప్లగిన్‌కి వదిలెయ్యడమా

అసలు ఎంపిక ఇక్కడే, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

ఆటోమేటిక్ ప్లగిన్ పనిచేసే తీరు ఇది: "ఎరువు" అన్న మాట ఎక్కడ కనిపించినా ఫలానా పోస్టుకి లింకు వెయ్యి అని మీరు ఒక జాబితా ఇస్తారు, అది బ్లాగంతా వేసేస్తుంది. వెయ్యి పోస్టులున్నా నిమిషాల్లో పని. ఇంగ్లీషు బ్లాగుల్లో దీనికి కొంత ఉపయోగం ఉంది. తెలుగులో మాత్రం మన భాష నడకే దానికి అడ్డం పడుతుంది. మనం ఉత్త "ఎరువు" అని ఎన్నిసార్లు రాస్తాం? ఎరువులు, ఎరువుని, ఎరువుగా, ఎరువుల్లో అంటాం. పూర్తి మాట సరిపోలితేనే లింకు వేసే ప్లగిన్ వీటన్నింటినీ వదిలేస్తుంది. మాటలో ముక్క సరిపోలినా చాలనుకునే ప్లగిన్ "ఎరువు" వరకు నీలం చేసి "ల్లో"ని నల్లగా వదిలేస్తుంది, చూడటానికే బాగుండదు. "తెగులు" సంగతి ఇంకా ఇబ్బంది. బహువచనంలో అది "తెగుళ్లు" అవుతుంది, ముక్క కూడా సరిపోలదు.

ఇంకా పెద్ద చిక్కు అర్థంతో. నేను "వేరు" అన్న మాటను వేర్ల పోస్టుకి కలిపి ఒక ప్లగిన్ను పరీక్షించి చూశాను. "పిలకను తల్లి మొక్క నుంచి వేరు చేసి" అన్న వాక్యంలో "వేరు"కి లింకు పడింది. "వేరు కుండీలో నాటండి" అన్నచోటా పడింది. నొక్కిన పాఠకుడు ఎక్కడికో వెళ్లి తెల్లబోతాడు. తెలుగులో ఇలా రెండర్థాల మాటలకు కొదవ లేదు.

ప్లగిన్ వాడాలనే అనుకుంటే ఒక ప్రశ్నకి జవాబు ముందే తెలుసుకోండి. అది లింకుల్ని పోస్టులోనే రాసేస్తుందా, లేక పేజీ తెరిచినప్పుడు మాత్రమే చూపిస్తుందా? రెండో రకమైతే ప్లగిన్ తీసేసిన రోజున లింకులన్నీ మాయమవుతాయి. మొదటి రకమైతే తప్పుగా పడ్డవి ఒక్కొక్కటీ మీరే ఏరుకోవాలి.

మధ్యస్థంగా ఇంకోదారి ఉంది. లింకు తానుగా వెయ్యకుండా, ఈ పోస్టుకి ఆ పోస్టు కలపొచ్చని సూచించే ప్లగిన్లు. వర్డ్‌ప్రెస్‌లో లింక్ విస్పర్, యోస్ట్ ప్రీమియం లాంటివి ఈ కోవలోవి. నిర్ణయం మీదే కాబట్టి ప్రమాదం తక్కువ. రెండు మూడు వందల పోస్టులు దాటిన బ్లాగుకి, ఏం రాశామో మనకే గుర్తుండని దశలో, ఇలాంటిది బాగా అక్కరకొస్తుంది. డబ్బు కట్టే ముందు మీ తెలుగు పోస్టుల మీద దాని సూచనలు పొంతనగా ఉన్నాయో లేదో తప్పకుండా చూసుకోండి.

ఇక చేత్తో పెట్టడం. నెమ్మది పని, కానీ పైన చెప్పిన మూడు కొలతల్లోనూ నెగ్గేది ఇదే. చోటు మీరు ఎంచుకుంటారు, మాటలు మీరు ఎంచుకుంటారు, అనవసరమైన లింకు పడదు. కుండీ మార్చే పోస్టులో నా వాక్యం మొదట ఇలా ఉండేది:

"కుండీ అడుగున రంధ్రం లేకపోతే నీళ్లు నిలిచిపోతాయి."

దీని పక్కన "మరిన్ని వివరాలకు ఇక్కడ క్లిక్ చేయండి" అని తగిలించడం తేలికే. అలా చెయ్యకుండా వాక్యాన్ని కొంచెం సాగదీశాను:

"కుండీ అడుగున రంధ్రం లేకపోతే నీళ్లు నిలిచి, పైకి ఆకులు పచ్చగానే ఉన్నా మట్టిలో వేర్లు కుళ్లడం మొదలవుతుంది."

లింకు "వేర్లు కుళ్లడం మొదలవుతుంది" అన్న మూడు మాటల మీద. చదువుతున్నవాడికి సరిగ్గా అక్కడే "అయ్యో, నా మొక్కకీ అదే అయ్యుంటుందా" అన్న అనుమానం వస్తుంది, నొక్కుతాడు. అవతలి పేజీ దేని గురించో గూగుల్‌కీ అర్థమవుతుంది. వాక్యం కూడా మునుపటికంటే మెరుగైంది. మంచి లింకుకి నా పరీక్ష ఇదే: లింకు తీసేసి చదివినా వాక్యం నిండుగా ఉండాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. కొత్త పోస్టు రాస్తూ అందులోంచి పాత పోస్టులకు లింకులివ్వడం అందరూ చేస్తారు. అది పాతవాటికి మేలు, కొత్తదానికి ఒరిగేది లేదు. కొత్తది నిలబడాలంటే పాత పోస్టుల్లోకి వెళ్లి అక్కణ్నుంచి కొత్తదానికి దారి వెయ్యాలి. ఈ రెండో సగాన్నే ఎక్కువమంది వదిలేస్తారు.

మాటలు ఎలా ఉండాలి

"ఇక్కడ", "ఈ పోస్టు", "ఇంకా చదవండి" అన్నవి గూగుల్‌కి ఏమీ చెప్పవు. అలాగని ప్రతిచోటా పోస్టు శీర్షికను అక్షరం పొల్లుపోకుండా అతికించడం కృతకంగా ఉంటుంది. ఒకే పోస్టుకి నాలుగు చోట్ల నుంచి లింకు ఇస్తుంటే నాలుగు తీర్లుగా రాయండి: వేర్లు కుళ్లడం, కుళ్లిన వేర్లను కత్తిరించే పద్ధతి, నీళ్లెక్కువై మొక్క వాడిపోతే, వేరుకుళ్లు లక్షణాలు. జనం వెతికేది కూడా ఇన్ని తీర్లుగానే కదా. విభక్తి ప్రత్యయంతో సహా మొత్తం మాటకి లింకు వెయ్యండి, మాట మధ్యలో తెగనివ్వకండి. రెండు లింకులు పక్కపక్కనే ఆనుకుని ఉంటే ఎక్కడ ఒకటి ముగిసి ఇంకోటి మొదలైందో తెలియదు, మధ్యలో నాలుగు మాటలైనా ఉండాలి. బొమ్మకి లింకు ఇస్తే దాని ఆల్ట్ టెక్స్ట్‌నే (బొమ్మలో ఏముందో చెప్పేందుకు మనం రాసే మాటల్నే) గూగుల్ లింకు మాటలుగా తీసుకుంటుంది, కాబట్టి ఖాళీగా వదలొద్దు.

కింద వచ్చే సంబంధిత పోస్టుల పెట్టె

దీన్ని తీసెయ్యమని చెప్పను, దీని మీదే ఆధారపడొద్దంటాను. చివరిదాకా చదివినవాడికి తర్వాత ఏం చదవాలో చూపించడానికి మంచిది. కానీ చాలా పెట్టెలు కేటగిరీని బట్టో ట్యాగుని బట్టో యాంత్రికంగా ఎంచుతాయి, కొన్ని పేజీ తెరిచిన ప్రతిసారీ వేర్వేరు పోస్టుల్ని చూపిస్తాయి. ఈ రోజు ఉన్న లింకు రేపు ఉండదు. ఇంకొన్ని పేజీని కిందికి జరిపాకే స్క్రిప్టుతో తెచ్చి పెడతాయి. పేజీల్ని తిరిగి చూసే గూగుల్ ప్రోగ్రాము గూగుల్‌బాట్ మనలా స్క్రోల్ చెయ్యదు, "మరిన్ని చూపించు" బటన్ నొక్కదు. కాబట్టి ఆ పెట్టెలోని లింకులు దానికి కనిపించకపోవచ్చు.

పరీక్ష తేలిక. సెర్చ్ కన్సోల్లో యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లి, లైవ్ టెస్ట్ చేసి, అది చూపించే హెచ్‌టీఎంఎల్‌లో మీ సంబంధిత పోస్టుల అడ్రసులు ఉన్నాయేమో వెతకండి. మామూలు లింకు ట్యాగులో హెచ్‌రెఫ్‌గా అడ్రస్ ఉంటే సరే. నొక్కితే స్క్రిప్టు నడిచి వేరే పేజీ తెరుచుకునే బటన్లయితే, గూగుల్ దృష్టిలో అవి లింకులే కావు. పెట్టెలో ఏవి రావాలో మీరే ఎంచే వీలుంటే మూడో నాలుగో స్థిరంగా పెట్టెయ్యండి, దాని విలువ పెరుగుతుంది.

హబ్ పేజీనా, కేటగిరీ పేజీనా

ఒకే విషయం మీద పది పన్నెండు పోస్టులు చేరినప్పుడు వచ్చే ప్రశ్న ఇది. కేటగిరీ పేజీ దానంతటదే తయారవుతుంది, పోస్టులు తేదీ వరుసలో పేర్చి ఉంటాయి. హబ్ పేజీ మీరు రాసేది. విషయాన్ని మొదటి నుంచి పరిచయం చేస్తూ, ఒక్కో భాగాన్ని రెండు మూడు వాక్యాల్లో చెప్పి, లోతుగా తెలుసుకోవాలంటే ఫలానా పోస్టు అని దారి చూపే పేజీ. పోస్టులన్నీ తిరిగి దానికి లింకు ఇస్తాయి.

పెద్ద మాటకి, అంటే "ఇంట్లో మొక్కల పెంపకం" లాంటి విశాలమైన వెతుకులాటకి, విడి పోస్టులేవీ సరిపోవు. హబ్ పేజీకి అవకాశం ఉంటుంది. కేటగిరీ పేజీకి తక్కువ, ఎందుకంటే అందులో చదవడానికి సొంతంగా ఏమీ లేదు. విషయానికి కనీసం ఆరేడు మంచి పోస్టులుంటేనే హబ్ కట్టండి. రెండు పోస్టులకి హబ్ అంటే ఊళ్లో రెండిళ్లకి బస్టాండు కట్టినట్టు.

గూగుల్ ఉచిత బ్లాగు వేదిక బ్లాగర్‌లో రాసేవాళ్లకి ఈ ఎంపికలో అసలు తటపటాయింపు అక్కర్లేదు. బ్లాగర్ డిఫాల్ట్‌గా ఇచ్చే రోబోట్స్ ఫైల్‌లో "సెర్చ్"తో మొదలయ్యే అడ్రసులకి గూగుల్‌బాట్‌ను రానివ్వొద్దని ఉంటుంది. లేబుల్ పేజీల అడ్రసులన్నీ "సెర్చ్" కిందే ఉంటాయి. హోమ్ పేజీ అడుగున "పాత పోస్టులు" అన్న లింకు కూడా అక్కడికే పోతుంది. అంటే లేబుళ్లు ఎంత శ్రద్ధగా పెట్టినా గూగుల్ ఆ తలుపు దాటదు. సైట్‌మ్యాప్ (బ్లాగులోని అడ్రసుల జాబితా ఫైలు) వల్ల పోస్టు ఉందని తెలుస్తుంది గానీ, దానికి బలమిచ్చే దారి మిగలదు. బ్లాగర్‌లో "పేజీలు" విభాగంలో ఒక హబ్ రాసుకుని, దాన్ని మెనూలో పెట్టడం ఈ లోటుని చాలావరకు తీరుస్తుంది.

వర్డ్‌ప్రెస్‌లో ఇబ్బంది దీనికి తలకిందులు. ట్యాగుల పేజీలు లెక్కకు మించి పుడతాయి. ఒక్క పోస్టు మాత్రమే ఉన్న ట్యాగుకి కూడా ఒక పేజీ తయారవుతుంది. కేటగిరీలు ఐదారు చాలు. ట్యాగు కింద కనీసం నాలుగు పోస్టులు రావనుకుంటే ఆ ట్యాగు పెట్టకండి.

మెనూ, ఫుటర్, సైడ్‌బార్

హబ్ పేజీలు మెనూలో ఉండాలి, అంతే. విడి పోస్టుల్ని ఫుటర్‌లో గుదిగుచ్చితే అవి అన్ని పేజీల్లోనూ కనిపిస్తాయి నిజమే. కానీ అన్ని పేజీలూ ఒకే మాట చెబుతున్నప్పుడు ఏ పోస్టు దేనికి సంబంధించిందో తెలియదు, పైన చూసిన పంపకం లెక్కలో అసలు లింకుల వాటా తరుగుతుంది. ఫోన్లో సైడ్‌బార్ పూర్తిగా మాయమయ్యే థీములున్నాయి. గూగుల్ చూసేది మొబైల్ పేజీనే కాబట్టి, కంప్యూటర్లో మాత్రమే కనిపించే లింకుని లెక్కలోకి తీసుకోకండి.

మన పోస్టులకే నోఫాలో (ఈ లింకుకి విలువ ఇవ్వొద్దని గూగుల్‌కి చెప్పే గుర్తు) పెట్టి విలువను ఒకవైపు మళ్లించొచ్చని ఒకప్పుడు ఒక కిటుకు నడిచేది. అలా చేస్తే ఆ వాటా మిగతా లింకులకి చేరదని గూగుల్‌లో పనిచేసిన మ్యాట్ కట్స్ 2009లోనే స్పష్టం చేశారు. ఆ జోలికి పోవద్దు.

రెండు పోస్టులు పోటీ పడుతుంటే: లింకా, విలీనమా

"నీళ్లు ఎంత పోయాలి" అని ఒకటి, "మొక్కలకు నీళ్లు పోసే పద్ధతి" అని ఇంకోటి రెండేళ్ల తేడాలో నేను రాసినవే. రెండింటిలో సగం విషయం ఒకటే. ఇలాంటప్పుడు ఒకదాన్నుంచి ఇంకోదానికి లింకు పెట్టి ఊరుకుంటే పోటీ పోదు. చదివేవాడు రెండూ చదవాల్సిన అవసరం ఉందా అని అడగండి. లేదంటే రెండింటినీ కలిపి ఒక్క పోస్టు చెయ్యండి. ఏ అడ్రస్‌కి ఎక్కువ క్లిక్కులు వస్తున్నాయో దాన్ని ఉంచి, రెండోదాన్నుంచి 301 రీడైరెక్ట్ (పాత అడ్రస్‌కి వచ్చినవాళ్లని శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాటు) పెట్టండి. తర్వాత మీ పాత పోస్టుల్లో ఆ రెండో అడ్రస్‌కి ఉన్న లింకుల్ని కూడా కొత్తదానికి మార్చండి, రీడైరెక్ట్ చూసుకుంటుందిలే అని వదలొద్దు. ప్రశ్నలు నిజంగా వేరైతే, ఒకటి కొలత గురించి, ఇంకోటి వేసవిలో ఊరెళ్లినప్పుడు నీళ్ల ఏర్పాటు గురించి అనుకోండి, అప్పుడు లింకే సరైనది.

మీకు ఏది?

యాభై పోస్టుల లోపు బ్లాగైతే పూర్తిగా చేత్తోనే. ఏ ప్లగిన్ గురించీ ఆలోచించకండి, ఆదివారం పూట రెండు గంటలు చాలు. యాభై నుంచి రెండు వందల మధ్యలో ఉంటే చేత్తో పెట్టే లింకులతో పాటు రెండు మూడు హబ్ పేజీలు. అంతకు మించితే సూచనలిచ్చే ప్లగిన్ తోడు తీసుకోండి, అంగీకరించే వేలు మాత్రం మీదే ఉండాలి. మాటను చూసి తానే లింకు వేసే రకాన్ని తెలుగు బ్లాగుకి ఏ దశలోనూ నేను సిఫారసు చెయ్యను.

మొదలుపెట్టడానికి ఒక వరుస చెబుతాను. సెర్చ్ కన్సోల్లో లింక్స్ రిపోర్టు తెరిచి, ఇంటర్నల్ లింకుల జాబితాలో అట్టడుగున ఉన్న పోస్టుల్ని చూడండి. అక్కడ అసలు కనబడని పోస్టులు ఇంకా అన్యాయమైపోయినవి, వాటినీ రాసుకోండి. ఐదు వందల అడ్రసుల లోపు సైటైతే స్క్రీమింగ్ ఫ్రాగ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ మొత్తం తిరిగి ఏ పోస్టుకి ఎన్ని లింకులున్నాయో లెక్క చెబుతుంది. వాటిలో మీరు నిజంగా పైకి రావాలనుకునే ఐదు పోస్టుల్ని ఎంచుకోండి. ఒక్కోదానికి గూగుల్ పెట్టెలో సైట్ అనే ఇంగ్లీషు మాట, కోలన్, ఖాళీ లేకుండా మీ బ్లాగు అడ్రస్, ఆ తర్వాత విషయం పేరు టైపు చేస్తే, మీ బ్లాగులోనే ఆ ప్రస్తావన ఉన్న పోస్టులు వస్తాయి. పైన వచ్చిన మూడు నాలుగు తెరవండి. పెర్ఫార్మెన్స్ రిపోర్టులో బాగా క్లిక్కులు వచ్చే పోస్టు వాటిలో ఉంటే ముందు దాన్నుంచే లింకు వెయ్యండి.

లింకులు పెట్టిన తేదీ, ఎక్కణ్నుంచి ఎక్కడికి అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. రెండు మూడు వారాలాగి ఆ ఐదు పోస్టుల్నీ యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో ఒక్కొక్కటిగా పెట్టి చూడండి. "రిఫరింగ్ పేజ్" అన్నచోట గూగుల్ ఆ పోస్టుని ఎక్కణ్నుంచి కనుక్కుందో చూపిస్తుంది. అది అన్ని దారులనీ చూపించదు. నా వేరుకుళ్లు పోస్టుకి అక్కడ చాలాకాలం ఖాళీగా ఉండేది. ఇప్పుడు కుండీ మార్చే పోస్టు అడ్రస్ ఉంది.